టూరు ఫోటోలు సొంత సైట్‌లో పెట్టాలంటే పనికొచ్చే పద్ధతి ఏది?

పెన్నాగట్టు
అందరికీ నమస్కారం. రాయలసీమ టూరు ఫోటోలు 1,400 దాకా ఉన్నాయి, మొత్తం 6.3 జీబీ. లేపాక్షి, గండికోట, బెలూం గుహలు, యాగంటి, అహోబిలం. సగం ఐఫోన్‌లో తీసినవి, మిగతావి ఆండ్రాయిడ్, కెమెరా. సొంత డొమైన్ ఉంది, షేర్డ్ హోస్టింగ్‌లో వర్డ్‌ప్రెస్ నడుస్తోంది. కావలసింది ఇదీ: ఊరికో పేజీ, ఫోటో కింద తెలుగులో రెండు ముక్కలు, నొక్కితే పెద్దగా రావాలి. చూసేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు, మామూలు ఫోన్లు, మొబైల్ డేటా. లేపాక్షి పేజీలో 60 ఫోటోలు ఉన్నవి ఉన్నట్టే పెడితే ఫోన్లో పేజీ సగం దాకా వచ్చి మళ్లీ మొదటికి వెళ్లిపోతోంది. ఐఫోన్ ఫోటోలు కొన్ని అసలు కనపడవు. కొన్ని పక్కకి పడుకుని ఉన్నాయి. గూగుల్ ఫోటోస్ లింకు ఇచ్చి ఊరుకోవాలా, సైట్‌లోనే సరిగ్గా పెట్టే దారి ఉందా?

కోవెలమెట్లు
పెన్నాగట్టు గారూ, మీరు చెప్పిన మూడూ మూడు వేరు వేరు జబ్బులు. విడివిడిగా చూద్దాం.

పేజీ మొదటికి వెళ్లిపోవడానికి కారణం డేటా ఒక్కటే కాదు, ఫోన్ మెమరీ. 4000×3000 ఫోటో డిస్కు మీద 4 ఎంబీయే ఉంటుంది. తెర మీద చూపించాలంటే బ్రౌజర్ దాన్ని విప్పాలి. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే ఒక్క ఫోటోకి 48 ఎంబీ. అలాంటివి 20 ఒకేసారి విప్పితే 960 ఎంబీ. మామూలు ఫోన్ అంత ఇవ్వలేక ట్యాబ్‌ని చంపి మళ్లీ తెరుస్తుంది. అదే ఫోటో 1600×1200 చేస్తే 8 ఎంబీ కూడా పట్టదు.

కనపడనివి హెచ్‌ఈఐసీ ఫైళ్లు. 2017లో ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ ఈ ఫార్మాట్‌లో దాస్తోంది. క్రోమ్‌లో ఇవి తెరుచుకోవు. వర్డ్‌ప్రెస్ 6.7 నుంచి అప్‌లోడ్ చేసేటప్పుడే జేపెగ్‌గా మారుస్తుంది కానీ, సర్వర్‌లో ఇమేజ్‌మ్యాజిక్‌కి (ఫోటోల కొలత, ఫార్మాట్ మార్చే ప్రోగ్రామ్) హెచ్‌ఈఐసీ చదవడం వచ్చి ఉండాలి. షేర్డ్ హోస్టింగుల్లో చాలాచోట్ల రాదు. అందుకని ఇంట్లోనే మార్చుకుని ఎక్కించడం నయం. ఐఫోన్‌లో ఫోటోస్ సెట్టింగుల చివర మ్యాక్ లేక పీసీకి బదిలీ చేసే చోట 'ఆటోమేటిక్' ఎంచుకుంటే, కేబుల్‌తో కాపీ చేసేటప్పుడే జేపెగ్‌గా వస్తాయి.

పక్కకి పడుకోవడం ఎగ్జిఫ్ (ఫోటో ఫైల్లోనే దాగి ఉండే తారీఖు, చోటు లాంటి వివరాలు) ఓరియెంటేషన్ ట్యాగుతో వచ్చే గొడవ. ఫోన్ నిలువుగా పట్టుకున్నా సెన్సర్ అడ్డంగానే రాస్తుంది, 'చూపించేటప్పుడు తిప్పు' అని ఒక ట్యాగు పెడుతుంది. చిన్న కాపీలు చేసే టూలు పిక్సెళ్లు తిప్పకుండా ట్యాగు మాత్రం తీసేస్తే బొమ్మ పడుకుంటుంది.

ఓరుగల్లు_వాకిలి
ఇంత తిప్పల ఎందుకన్నా? గూగుల్ ఫోటోస్‌ల ఆల్బమ్ చేసి షేర్ లింకు పెట్టు. ముసలోళ్లకు గదే అలవాటు. ఫోటో మీద రైట్ క్లిక్ కొట్టి అడ్రస్ తీసుకొని సైట్‌ల పెట్టినా కనపడతది.

కోవెలమెట్లు
ఆల్బమ్ లింకు వరకు నిజమే, ఇంట్లోవాళ్లకి మొత్తం 1,400 చూపించడానికి అంతకన్నా తేలిక లేదు. రైట్ క్లిక్ అడ్రస్‌ని మాత్రం నమ్మకూడదు తమ్ముడూ. ఆ లింకులు శాశ్వతం కాదు. గూగుల్ వాళ్ల ఏపీఐ (బయటి ప్రోగ్రాములు ఫోటోలు అడిగి తీసుకునే దారి) ఇచ్చే ఫోటో చిరునామాకి గడువు 60 నిమిషాలే అని వాళ్ల డాక్యుమెంట్లలోనే ఉంది. పేజీ నుంచి లాగిన చిరునామా కొన్నాళ్లు పనిచేసినా, అది ఎప్పుడు ఆగుతుందో మన చేతుల్లో లేదు. పైగా 2025 మార్చి 31 తర్వాత బయటి ప్లగిన్లు మన లైబ్రరీ మొత్తాన్ని చదవలేవు. ఆ ప్లగిన్ తాను ఎక్కించినవే చూడగలదు. పాత ఆల్బమ్‌లని సైట్‌లోకి లాగే ప్లగిన్లు అక్కడితో ఆగాయి.

పికాసా వెబ్ ఆల్బమ్‌లు 2016లో పోయాయి. ఫోటోబకెట్ 2017లో బయటి సైట్లలో ఫోటోలు కనపడాలంటే ఏడాదికి 399 డాలర్లు అనగానే లెక్కలేనన్ని పాత పేజీల్లో బొమ్మల చోట ఖాళీ డబ్బాలు మిగిలాయి. ఫోటో ఎక్కడ దాచినా ఫర్వాలేదు, పేజీలో రాసే చిరునామా మాత్రం మన డొమైన్‌దే అయి ఉండాలి. అప్పుడు రేపు చోటు మార్చినా పేజీలు ముట్టుకోనక్కర్లేదు.

చిత్రావతి
ముందు ఏరుకోవడం సంగతి చెప్తాను. 1,400 ఫోటోలు సైట్‌కి కాదు. ఐదు ఊళ్లకి కలిపి 120 దాటకండి. లేపాక్షి నందివి పదిహేను కోణాలు ఉంటాయి, మనిషి పక్కన నిలబడి దాని ఎత్తు తెలిసేది ఒకటి, మెడలో గంటల చెక్కడం దగ్గరగా ఒకటి చాలు. ఈ ఏరే పని ఫోన్లో కాక పెద్ద తెర మీద చెయ్యండి. వేలితో జరుపుతుంటే కదిలిన ఫోటో కూడా బాగున్నట్టే ఉంటుంది.

తర్వాత కాపీలు. ఇమేజ్‌మ్యాజిక్‌లో మోగ్రిఫై అనే కమాండ్ వాడండి, టెర్మినల్‌లో టైపు చెయ్యాలి. కానీ ఒక్క మాట: మోగ్రిఫై ఒరిజినల్ మీదే రాసేస్తుంది. 'పాత్' ఆప్షన్‌తో వేరే ఫోల్డర్ ఇవ్వకుండా నడిపితే 4000 పిక్సెళ్ల ఫోటోలన్నీ అక్కడికక్కడే 1600 అయిపోతాయి, వెనక్కి రావు. కాబట్టి ముందు ఏరినవాటిని వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి, ఆపైన కూడా 'పాత్' ఇవ్వండి.

ఆప్షన్ల వరుస ఇలా: మొదట ఆటో-ఓరియెంట్ (ట్యాగు చెప్పినట్టు పిక్సెళ్లనే తిప్పుతుంది), తర్వాత రీసైజ్ 1600×1600, తర్వాత క్వాలిటీ 80, చివర స్ట్రిప్ (దాగిన వివరాలన్నీ తీసేస్తుంది). ఆటో-ఓరియెంట్ లేకుండా స్ట్రిప్ చేస్తే మీ పడుకున్న ఫోటోల కథే మళ్లీ. రీసైజ్ కొలత చివర 'కంటే పెద్ద' గుర్తు పెడితే పెద్ద ఫోటోలు మాత్రమే చిన్నవవుతాయి, ఇప్పటికే చిన్నగా ఉన్నవి సాగవు.

పెన్నాగట్టు
చిత్రావతి గారూ, చేసి చూశాను. మొదటిసారి ఫోల్డర్‌లో '-క్వాలిటీ' అనే పేరుతో ఖాళీ ఫైల్ ఒకటి పుట్టింది, 80 అనే ఫైల్ దొరకలేదని ఎర్రర్ వచ్చింది. 'కంటే పెద్ద' గుర్తు, క్వాలిటీ, 80 మూడూ తీసేసి మళ్లీ నడిపితే కాపీలు వచ్చాయి కానీ, గండికోట లోయ సాయంత్రం ఫోటోల్లో ఎర్ర రాయి పాలిపోయింది. ఆండ్రాయిడ్‌వి బాగానే ఉన్నాయి, ఐఫోన్‌వే ఇలా.

చిత్రావతి
మొదటిది నా తప్పే, చెప్పి ఉండాల్సింది. 'కంటే పెద్ద' గుర్తుని టెర్మినల్ వేరేలా అర్థం చేసుకుంటుంది: 'వచ్చేదాన్ని ఈ పేరుగల ఫైల్లోకి పంపు' అని. మీ కమాండ్‌లో దాని తర్వాతి మాట '-క్వాలిటీ' కాబట్టి ఆ పేరుతో ఫైల్ చేసింది. మిగిలిపోయిన 80ని ఫోటో పేరు అనుకుంది. కొలతని, గుర్తుని కలిపి కొటేషన్లలో పెట్టండి, క్వాలిటీ 80 మళ్లీ చేర్చండి, సరిపోతుంది.

రెండోది కలర్ ప్రొఫైల్. ఐఫోన్ డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల కొలతలో రాస్తుంది. స్ట్రిప్ ఆ ప్రొఫైల్‌ని కూడా ఊడబెరుకుతుంది. ప్రొఫైల్ లేని ఫోటోని బ్రౌజర్ మామూలు ఎస్ఆర్‌జీబీ అనుకుంటుంది. అవే అంకెలు, కొలబద్ద చిన్నది, కాబట్టి రంగు పాలిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చల్లో బాగా తెలుస్తుంది, గండికోటలో పట్టుబడిందంటే అందుకే. రెండు దార్లు ఉన్నాయి. స్ట్రిప్ కంటే ముందు 'ప్రొఫైల్' ఆప్షన్‌తో ఎస్ఆర్‌జీబీ ఐసీసీ ఫైల్ (రంగుల కొలత రాసి ఉండే ఫైల్) ఇచ్చి రంగుల్ని నిజంగా మార్చడం ఒకటి. లేదా స్ట్రిప్ మానేసి, తర్వాత ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో ఐసీసీ ప్రొఫైల్ తప్ప మిగతా ట్యాగులన్నీ తీసేయడం. పాత తెరలున్నవాళ్లకి మొదటిదే మంచిది.

కోవెలమెట్లు
బెలూం ఫోటోల సంగతి కూడా చూసుకోండి. చీకట్లో ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) పెరిగి బొమ్మంతా ఇసక చల్లినట్టు గరుకు వస్తుంది. జేపెగ్‌కి ఆ గరుకు కూడా వివరమే, అందుకే పగటి ఫోటో 380 కేబీ అయితే గుహలోది 700 కేబీ దాకా పోతుంది. ఆ గరుకు (నాయిస్) కొంచెం తగ్గించి, వాటికి మాత్రం క్వాలిటీ 72 ఇవ్వండి. పసుపు లైట్ల కింద తేడా కనపడదు.

బోస్టన్_బాబాయి
1600 ఒక్క సైజు చాలదండీ. ఫోన్లో రెండు వరసల గ్రిడ్ అనుకుంటే ఒక్కో బొమ్మ వెడల్పు 180 సీఎస్ఎస్ పిక్సెళ్లు (పేజీ లెక్కకి వాడే కొలత, తెర మీది అసలు చుక్కలు కాదు). ఇప్పటి ఫోన్లు చాలావాటిలో సాంద్రత 3 రెట్లు, అంటే 540 అసలు పిక్సెళ్లు కావాలి. ఫోన్ నిండా చూపిస్తే 360 × 3 = 1080. కాబట్టి మూడు కాపీలు: 540, 1080, 1600. సుమారుగా 60, 180, 380 కేబీ. ఒక ఫోటోకి 620 కేబీ, 120 ఫోటోలకి 74 ఎంబీ. 6.3 జీబీ ఎక్కడ, 74 ఎంబీ ఎక్కడ.

ఇమేజ్ ట్యాగులో (పేజీ కోడ్‌లో బొమ్మని పిలిచే ముక్క) మూడింటినీ 'సోర్స్ సెట్' అనే జాబితాలో రాయండి. దాంతోపాటు బొమ్మ తెర మీద ఎంత వెడల్పో చెప్పే 'సైజెస్' తప్పనిసరి. అది లేకపోతే ప్రతి బొమ్మా తెర వెడల్పంతా ఉంటుందని బ్రౌజర్ అనుకుని, వేలెడంత బొమ్మకి కూడా 1080 లాగుతుంది. మనం పడిన కష్టం వృథా. వెడల్పు, ఎత్తు అంకెలు కూడా ట్యాగులోనే రాయండి. లేకపోతే బొమ్మలు ఒక్కొక్కటే దిగుతుంటే కింద రాత జారిపోతూ ఉంటుంది, చదివేవాళ్లు ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కుతారు.

'లోడింగ్' విలువ 'లేజీ' పెడితే తెర దగ్గరకి వచ్చినవే దిగుతాయి. మొదటి తెరలో 12 బొమ్మలు అనుకుంటే 720 కేబీతో పేజీ తెరుచుకుంటుంది. పేజీ పైన ఉండే మొదటి పెద్ద ఫోటోకి మాత్రం లేజీ పెట్టకండి, అది ఆలస్యంగా మొదలవుతుంది.

ఓరుగల్లు_వాకిలి
వెబ్‌పీ, ఏవిఫ్ అని కొత్త ఫోటో ఫార్మాట్లు అంటరు కదా బాబాయ్, గవి పెట్టొద్దా?

బోస్టన్_బాబాయి
పెట్టొచ్చు. వెబ్‌పీ సఫారీలో 2020 నుంచి, ఏవిఫ్ 2022 నుంచి తెరుచుకుంటున్నాయి. ఏవిఫ్‌లో ఫైల్ బాగా చిన్నదవుతుంది కానీ, తయారు చెయ్యడానికి జేపెగ్ కంటే చాలా సమయం పడుతుంది. 120 ఫోటోల సైట్‌కి నా ఓటు జేపెగ్‌కే. ఎవరైనా ఫోటో దించుకుని స్టూడియోలో ప్రింట్ తీయించాలంటే ఇబ్బంది ఉండదు. ముందు కొలత తగ్గించండి, ఫార్మాట్ సంగతి తర్వాత. 4000 పిక్సెళ్ల ఏవిఫ్ కూడా ఫోన్ మెమరీలో అదే 48 ఎంబీ తింటుంది.

కోవెలమెట్లు
ఇప్పుడు అందరూ మర్చిపోయే విషయం: జీపీఎస్. ఫోన్ ఫోటోలో అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. దశాంశం తర్వాత నాలుగు అంకెలుంటేనే 11 మీటర్ల లోపు చోటు తెలిసిపోతుంది. గండికోట ఎక్కడుందో తెలిస్తే నష్టం లేదు. కానీ టూరు ఫోటోల్లో మొదటిది చాలాసార్లు ఇంటి ముందు సామాన్లు ఎక్కిస్తుండగా తీసినదే. ఇల్లు, తారీఖు, ఇన్నాళ్లు ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి మూడూ బయటపడతాయి.

వర్డ్‌ప్రెస్‌లో ఇక్కడ ఒక మెలిక ఉంది. 5.3 నుంచి 2560 పిక్సెళ్లు దాటిన ఫోటోకి పేరు చివర 'స్కేల్డ్' అని చేర్చి చిన్న కాపీ చేసి దాన్ని చూపిస్తుంది. ఒరిజినల్ మాత్రం అదే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉండిపోతుంది. చిరునామాలో ఆ 'స్కేల్డ్' మాట చెరిపేస్తే ఎవరికైనా దిగుతుంది, జీపీఎస్‌తో సహా. పైగా 150, 300, 768, 1024, 1536, 2048 అంటూ కాపీలు చేస్తుంది, ఒక్క ఫోటోకి ఎనిమిది ఫైళ్లు తేలిగ్గా అవుతాయి. షేర్డ్ హోస్టింగ్‌లో చోటు మిగిలుండగానే ఫైళ్ల లెక్క నిండిపోవడానికి ఇదే కారణం. అందుకే 1600 చేసి, ట్యాగులు తీసేసి, ఆ తర్వాతే ఎక్కించండి.

వర్డ్‌ప్రెస్ బదులు హ్యూగోతో (సైట్ పేజీలని ముందే ఫైళ్లుగా తయారుచేసే ప్రోగ్రామ్) చేసేవాళ్లకీ ఇదే ప్రమాదం ఉంది. పేజీ బండిల్‌లో (రాత, ఫోటోలు కలిసి ఉండే ఫోల్డర్) ఒరిజినల్ పెట్టి రీసైజ్ చేయించినా, ఆ ఒరిజినల్ కూడా సైట్‌కి ఎక్కే పబ్లిక్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఫ్రంట్ మ్యాటర్‌లో (పేజీ ఫైల్ మొదట్లో ఉండే సెట్టింగులు) బిల్డ్ కింద 'పబ్లిష్ రిసోర్సెస్' ఫాల్స్ అని పెట్టాలి. ఎక్కించే ముందు పబ్లిక్ ఫోల్డర్ మొత్తం మీద ఎగ్జిఫ్‌టూల్ నడిపి జీపీఎస్ ట్యాగులు వెతకండి. ఒక్కటి కూడా రాకూడదు.

పెన్నాగట్టు
వర్డ్‌ప్రెస్‌లోనే ఉండాలా, మారాలా? హోస్టింగ్‌లో ఫైళ్ల లెక్క నిజంగానే నిండబోతోంది.

బోస్టన్_బాబాయి
రాతలు వర్డ్‌ప్రెస్‌లోనే ఉంచండి, ఫోటోలు బయట పెట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ వాళ్ల ఫైళ్లు దాచే సేవ ఆర్2లో 10 జీబీ దాకా ఉచితం, చూసేవాళ్లు ఎంత దించుకున్నా డేటాకి రుసుము లేదు. మీ డొమైన్ డీఎన్ఎస్ (పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే పట్టిక) వాళ్ల దగ్గరికి మార్చి, 'ఫోటోలు' అర్థం వచ్చే సబ్‌డొమైన్ ఒకటి బకెట్‌కి (ఆర్2లో మీ ఫోటోలు ఉండే పెట్టె) తగిలించండి. వాళ్లు ఇచ్చే ఆర్2-డెవ్ చిరునామా పరీక్షలకి మాత్రమే, దానికి వేగం మీద అదుపు ఉంటుంది. కోవెలమెట్లు గారు చెప్పినట్టు పేజీలో మీ సబ్‌డొమైన్ చిరునామాయే రాయండి.

గిట్‌హబ్ పేజెస్ (గిట్‌లో పెట్టిన ఫైళ్లని సైట్‌గా చూపించే సేవ) కూడా నడుస్తుంది. సైట్ పరిమితి 1 జీబీ, నెలకి 100 జీబీ డేటా. 74 ఎంబీ చొప్పున 13 టూర్లు పడతాయి. అయితే గిట్ ప్రతి మార్పునీ కమిట్‌గా దాస్తుంది కాబట్టి చెరిపిన ఫోటో చరిత్రలో మిగిలే ఉంటుంది. జీపీఎస్ ఉన్న ఫోటో పొరపాటున ఎక్కించి తర్వాత తీసేసినా పాత కమిట్‌లో దొరుకుతుంది. అందుకే ఫోటోలకి గిట్ వద్దంటాను.

క్యాష్ (ఫోటోని బ్రౌజర్ తన దగ్గరే దాచుకోవడం) కాలం ఏడాది, అంటే 31536000 సెకన్లు పెట్టండి. రెండోసారి వచ్చినవాళ్లకి ఫోటోలు మళ్లీ దిగవు. అప్పుడు ఒక ఫోటో సరిదిద్ది అదే పేరుతో ఎక్కిస్తే పాతదే కనపడుతుంది, పేరు చివర 2 చేర్చి కొత్త ఫైల్‌గా పెట్టాలి.

చిత్రావతి
పేర్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. నేను తెలుగుని ప్రాణంగా చూసుకునేదాన్నే, అయినా ఫైల్ పేర్లు తెలుగులో పెట్టొద్దని బతిమాలుతాను. 'గండికోట' తీసుకోండి. కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో గ, సున్న, డ, గుడి, క, ఓత్వం, ట అని ఏడు. ఒక్కోదానికి మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో మూడు గుర్తులవుతుంది. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, దానికి మూడు రెట్లు 63. ఎవరైనా లింకు కాపీ చేసి పంపితే ఊరి పేరు ఒక్కటే రెండు లైన్లు.

ఇంకా కనిపించని చిక్కులు ఉన్నాయి. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు విడివిడిగా. పాత మ్యాక్ డిస్కులు పేర్లని విడదీసి దాస్తాయి. పేజీలో ఒకలా, సర్వర్‌లో ఒకలా ఉంటే 'మైలవరం' ఫోటో కంటికి అదే పేరైనా ఫైల్ దొరకలేదని 404 వస్తుంది. పొల్లు తర్వాత 'లో' రాసేటప్పుడు కీబోర్డు పెట్టే కనపడని గుర్తుదీ ఇదే బాధ. ఫైల్ పేరు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, అంకెలతో, ఖాళీ లేకుండా పెట్టండి. శీర్షిక, కింది రాత, ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ రానప్పుడు దాని చోట కనపడే వివరణ) నిండుగా తెలుగులో రాయండి.

ఆ రాతల్లో జిల్లాలు సరిచూసుకోండి. 2022 ఏప్రిల్ 4 తర్వాత లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లా. బెలూం, యాగంటి, అహోబిలం నంద్యాల జిల్లా. గండికోట కడప జిల్లాలోనే ఉంది. పాత వ్యాసాల నుంచి తీసుకుంటే అనంతపురం, కర్నూలు అని పడిపోతుంది.

ఓరుగల్లు_వాకిలి
చుట్టాల దగ్గర ఫోటోలు వాట్సాప్‌ల అడుగుతరు కదా, గది కూడా చెప్త. మామూలుగ పంపితే చిన్నగ చేసి, ఎగ్జిఫ్ తీసేసి పంపుతది. పేరుల ఉన్న తారీఖు పంపిన రోజుది, తీసిన రోజుది కాదు. వరుస పెడితే యాగంటి ఫోటో అహోబిలం నడుమ వచ్చి కూసుంటది. 'డాక్యుమెంట్' కింద పంపమని చెప్పాలె, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తది.

బోస్టన్_బాబాయి
కెమెరా గడియారం కూడా. ఇండియా టైంలో ఉన్న కెమెరా థాయ్‌లాండ్ పట్టుకెళ్తే ఫోన్ కంటే గంటన్నర వెనక ఉంటుంది. అమెరికా తూర్పు తీరం నుంచి వేసవిలో ఇండియా వచ్చిన కెమెరా తొమ్మిదిన్నర గంటలు వెనక. ఎగ్జిఫ్‌టూల్‌లో 'ఆల్ డేట్స్'కి ప్లస్ 1:30 లేదా 9:30 ఇస్తే ఆ ఫోల్డర్ అంతా జరుగుతుంది. ట్యాగులు తీసేయడానికి ముందే చెయ్యాలి, తర్వాత జరపడానికి తారీఖే ఉండదు.

కోవెలమెట్లు
వాట్సాప్‌లో లింకు పంపగానే బొమ్మ కనపడాలంటే ఓపెన్ గ్రాఫ్ ఇమేజ్ ట్యాగు పెట్టండి. 1200×630, జేపెగ్, 300 కేబీ లోపు, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి చిరునామా. సగం చిరునామా రాస్తే బొమ్మ రాదు. ఒకసారి పంపాక బొమ్మ మారిస్తే పాతదే కొన్నాళ్లు చూపిస్తుంది, కాబట్టి పంపేముందే సరిచూసుకోండి.

పిల్లల ఫోటోలున్న పేజీని రోబోట్స్ ఫైల్లో వద్దని రాసి కాపాడుకున్నామనుకోకండి. అది సెర్చ్ ఇంజన్లకి విన్నపమే, తాళం కాదు. పైగా ఆ ఫైల్ ఎవరైనా చదవొచ్చు. తాళం కావాలంటే సర్వర్‌లో పాస్‌వర్డ్, లేదా క్లౌడ్‌ఫ్లేర్ యాక్సెస్. 50 మంది దాకా ఉచితం, ఈమెయిల్‌కి వచ్చే కోడ్‌తో లోపలికి వెళ్తారు. ఫోటోలు వేరే సబ్‌డొమైన్‌లో ఉంటే దానికీ తాళం వెయ్యాలి. పేజీకి వేసి ఫోటోల్ని వదిలేస్తే లింకు తెలిసినవాళ్లకి బొమ్మలు తెరుచుకుంటూనే ఉంటాయి.

పెన్నాగట్టు
అందరికీ చాలా థ్యాంక్స్. లేపాక్షి పేజీ 24 ఫోటోలతో మళ్లీ పెట్టాను, రాతలు వర్డ్‌ప్రెస్‌లో, బొమ్మలు ఆర్2లో. ఫోన్లో ఆగకుండా కిందిదాకా వస్తోంది. ఇంకొక్కటే ఉంది. గండికోట లోయ పనోరమా 12000×2400. దాన్నీ 1600కి కుదిస్తే రిబ్బన్ ముక్కలా ఉంది.

చిత్రావతి
1600కి కుదిస్తే ఎత్తు 320 పిక్సెళ్లే మిగులుతుంది, రిబ్బన్ కాక ఏమవుతుంది మరి. పనోరమాకి పొడుగు వైపు కాదు, ఎత్తు పట్టుకుని కొలవాలి. ఎత్తు 1000 ఇవ్వండి, 5000×1000 అవుతుంది, విప్పితే 20 ఎంబీ, మామూలు ఫోన్ భరిస్తుంది. దాన్ని గ్రిడ్‌లో కలపకుండా పేజీలో విడిగా, అడ్డంగా జరిగే డబ్బాలో పెట్టండి: డబ్బాకి ఓవర్‌ఫ్లో ఎక్స్ ఆటో, లోపలి బొమ్మకి ఎత్తు 300 పిక్సెళ్లు, వెడల్పు ఆటో, మ్యాక్స్ విడ్త్ నన్. ఆ చివరిది మర్చిపోతే థీమ్ మళ్లీ కుదిస్తుంది. కోట గోడ నుంచి పెన్నా మలుపు దాకా వేలితో జరుపుతూ చూస్తారు.